నొక్కినా పలకని హారన్

మన రోడ్ల మీద కారు నడపాలంటే మూడు బాగుండాలంటారు... బ్రేకు, హారన్, అదృష్టం. బ్రేకుని సర్వీసింగులో చూపిస్తాం. అదృష్టం కోసం కారు కొన్నరోజే నిమ్మకాయలు తొక్కిస్తాం. ఎటొచ్చీ మధ్యలో ఉన్న హారన్‌నే ఎవరూ పట్టించుకోరు. మోగుతోందా లేదా అన్నదే చూస్తాం గానీ, మోగించడానికి ఎంత బలం పెట్టాల్సి వస్తోందో చూడం.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఓ రిటైర్డ్ టీచరమ్మకి ఆ సంగతి అరవై మూడో ఏట తెలిసొచ్చింది. ఆమెకి కారు సరదా కాదు, అవసరం. భర్తకి వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగేసి గంటలు మిషను మీద ఉండి నీరసంగా బయటికొచ్చే మనిషిని ఆటో కుదుపుల్లో తీసుకురాలేక, ఎప్పుడో నేర్చుకుని వదిలేసిన డ్రైవింగుని మళ్లీ మొదలుపెట్టారు. పదమూడేళ్ల నాటి చిన్న కారు. ఇంజిన్ భేషుగ్గా ఉంది. హారనే మొండిది!

బ్రాడీపేట తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. లైను తర్వాత లైను, మధ్యలో అడ్డరోడ్లు. ఏ మూల నుంచి ఏ బండి దూసుకొస్తుందో తెలీదు. మలుపులో చిన్నగా ఒక్కసారి హారన్ కొట్టకపోతే ప్రమాదమే. కానీ ఆ కారులో బొటనవేలితో నొక్కితే హారన్ పలకదు. అరచెయ్యి ఆనించి, భుజం బలమంతా పెట్టాలి. అప్పుడు ఒక్కసారిగా 'బాం'మంటుంది. ఆ ఊపుకి స్టీరింగు పక్కకి జరుగుతుంది. ఓరోజు తెల్లవారుజామున పాల ప్యాకెట్లతో సైకిల్ మీద ఓ కుర్రాడు అడ్డరోడ్డులోంచి వచ్చేశాడు. ఆమె హారన్ నొక్కారు. చప్పుడు లేదు. బ్రేకు సమయానికి పడింది కాబట్టి సరిపోయింది.

విషయం బెంగళూరులో ఉన్న కొడుక్కి తెలిసింది. ''అమ్మా, నీ చేతుల్లో పట్టు తగ్గిందేమో. ఇక డ్రైవింగ్ మానెయ్. ఎవరైనా డ్రైవర్ని పెడదాం'' అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. పక్కనే వింటున్న భర్త మాత్రం ''నావల్లే కదా నీకీ తిప్పలు'' అన్నారు. ఆ మాటే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. నిజంగానే చేతులు ఉడిగిపోయాయా? పొద్దున్నే లేస్తే వేళ్ల కణుపులు పట్టేస్తున్న మాట నిజమే. కానీ కుక్కర్ మూత బిగించే చెయ్యి, గోంగూర పచ్చడి రోట్లో నూరే చెయ్యి... హారన్ నొక్కలేదా?

డ్రైవింగు మానేసేముందు ఒక్కసారి చూపిద్దామని ఆటోనగర్‌లో ఓ ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లారు. పాతికేళ్ల కుర్రాడు. బొటనవేలితో ఒకటికి రెండుసార్లు నొక్కి చూశాడు. ''ఇది మీ చేతి తప్పు కాదమ్మా. నావల్లే కావట్లేదు'' అన్నాడు. ఆ మాటతో సగం బరువు దిగిపోయింది.

ఎయిర్‌బ్యాగ్ లేని కారు కాబట్టి అక్కడే ప్యాడ్ విప్పాడు. కింద స్ప్రింగుల్లో రెండు అసలువి కావు. అంతకుముందెప్పుడో హారన్ దానంతటదే మోగుతుంటే ఎవరో చేతికందిన గట్టి స్ప్రింగులు వేసేశారు. దానికితోడు ఏళ్ల తరబడి చల్లిన డ్యాష్‌బోర్డ్ పాలిష్, దుమ్ము కలిసి జిగురులా పేరుకున్నాయి. సరైన స్ప్రింగులు తెప్పించి, కాంటాక్టులు శుభ్రంచేసి బిగించాడు. ఆ వారం నుంచి డయాలసిస్‌కి డ్రైవరు ఆమే.

గట్టిగా నొక్కితే గట్టిగా మోగదు

హారన్ బటన్ అంటే నిజానికి ఒక స్విచ్ మాత్రమే. నొక్కగానే రెండు కాంటాక్టులు కలుస్తాయి. ఆ సంకేతం రిలేకి వెళుతుంది. రిలే ద్వారా బ్యాటరీ కరెంటు కారు ముందుభాగంలో ఉన్న హారన్‌కి అందుతుంది. అక్కడి విద్యుదయస్కాంతం పల్చటి ఉక్కు రేకుని సెకనుకి వందలసార్లు లాగి వదులుతుంది. ఆ కంపనమే మనకి వినిపించే మోత. కాబట్టి ఎంత బలంగా నొక్కినా మోత పెరగదు. వేలు చేయాల్సిందల్లా కాంటాక్టుల మధ్యనున్న కాస్త ఖాళీని మూయడమే. ఆ ఖాళీని నిలబెట్టేవే స్ప్రింగులు. అవి బలహీనమైతే గతుకుల్లో హారన్ దానంతటదే మోగుతుంది. మరీ గట్టివైతే మన చెయ్యి నొప్పెడుతుంది.

ఎయిర్‌బ్యాగ్ ఉందా... జాగ్రత్త!

2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లకి డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. చాలా కార్లలో హారన్ నొక్కినప్పుడు ఎయిర్‌బ్యాగ్ యూనిట్ మొత్తం స్ప్రింగుల మీద కిందికి దిగుతుంది. అందుకే వాటిలో హారన్ కాస్త బరువుగానే అనిపిస్తుంది. అలాగని స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకూడదు. లోపల ఉన్నది రెప్పపాటులో పేలి విచ్చుకునే సరంజామా. బ్యాటరీ తీసేసి, కొంతసేపు ఆగి, శిక్షణ పొందిన మెకానిక్కే విప్పాలి. ఆ ప్యాడ్ మీద బొమ్మలూ బిళ్లలూ అంటించకూడదు. ప్రమాదం జరిగితే అవి మొహం మీదికే వస్తాయి.

ఇంట్లోనే చూసుకోదగ్గవీ కొన్ని ఉన్నాయి. ప్యాడ్ మీద హారన్ గుర్తు ఎక్కడుందో చూసి అక్కడే నొక్కాలి. చాలా కార్లలో నడిమధ్యకన్నా అంచుల దగ్గర తేలిగ్గా పలుకుతుంది. ఒకవైపు పలికి మరోవైపు పలక్కపోతే స్ప్రింగో కాంటాక్టో చూపించుకోవాలి. పూర్తిగా కిందికి దిగినా మోగలేదంటే తప్పు బిగువుది కాదు... ఫ్యూజు, రిలే, వైర్లు చూడాలి. పాలిష్ ప్యాడ్ మీద నేరుగా చల్లకుండా గుడ్డకి రాసి తుడవాలి.

కీళ్లనొప్పులున్నవాళ్లు చేతికందే చోట విడిగా మరో బటన్ పెట్టించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి వెళ్లకుండా హారన్ రిలేకి కలిపితే సరి. ఇదేం వింత కాదు. కొన్ని రెనో కార్లలో హారన్ ఇండికేటర్ కాడ చివరే ఉండేది!

తేలిగ్గా పలుకుతోంది కదాని అదేపనిగా మోగిస్తే మాత్రం చట్టం ఊరుకోదు. 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణలో అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి వెయ్యి రూపాయలు, మళ్లీ దొరికితే రెండు వేలు జరిమానా పెట్టారు.

ఇంట్లో పెద్దవాళ్లకి కుళాయి తిరగదు, సీసా మూత రాదు, హారన్ పలకదు. వెంటనే 'వయసైపోయింది' అనేస్తాం. కుళాయిలో వాషర్ మార్చి ఎన్నాళ్లయిందో అడగం. తాళాలు తీసుకుని పక్కన పెట్టమనడం ఒక్క మాట పని. ఆ మాట అనేముందు ఒకసారి మన వేలితో నొక్కి చూస్తే పోయేదేముంది?