పందికొక్కు స్పెల్లింగు

తెలుగు మీడియం నుంచి వచ్చిన కొత్తలో, జువాలజీ ల్యాబులో బల్లమీది స్పెసిమెన్ పేరడిగితే 'పందికొక్కండీ' అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. 'బాండికూట్ అనాలోయ్' అన్నారు మాస్టారు. తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రం లైబ్రరీలో 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు తిరగేస్తే ఏముందనుకున్నారు? ఆ బాండికూట్ మన పందికొక్కే! దొరల నోట 'పంది' కాస్తా 'బాండి' అయింది, 'కొక్కు' 'కూట్' అయింది. శాస్త్రజ్ఞుల లాటిన్లో 'బాండికోటా'. అంతటితో ఆగారా? ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉన్న, అసలు ఎలుకజాతే కాని జంతువుకూ ఆ పేరే తగిలించారు. (మా గాదె కింద బొరియ తవ్విన శాల్తీకి ఎంత ఖ్యాతి!)

మర్నాడు మాస్టారు మళ్లీ అడిగారు. 'పందికొక్కండీ' అన్నాను, ఈసారి గట్టిగా. స్పెల్లింగు చెప్పమన్నారు.

తెలుగులో చెప్పాను.