డూప్ లేని ఛేజింగ్!

చెన్నైలో అండమాన్ ఓడ ఎక్కారా? పగలు కేబిన్లో కునుకు తీయకండి! డెక్ మీదికొచ్చి, ఓడ ముందుభాగం పక్కన నీళ్లకేసి చూడండి. రెండోరోజు పొద్దున్నే నాకు అక్కడే కనిపించాయి, ఓడకి బెదిరి లేచిన ఎగిరే చేపలు!

రెక్కలు ఆడిస్తాయనుకునేరు... అబ్బే! ఒళ్లు పైకొచ్చినా తోక కింది కొస నీళ్లలోనే ఉంచి, సెకనుకి 50 సార్లకు పైగా కొట్టి, రెక్కలు చాచి జారిపోతాయంతే. ఒక్క ఊపులో 50 మీటర్లు!

చూసేవాళ్లకి సరదాగానే ఉంటుంది. వాటికి మాత్రం అది ప్రాణసంకటం. కింద ట్యూనాలు తరుముతుంటే, పైన పక్షులు కాచుకునుంటాయి. 2008లో జపాన్ టీవీవాళ్లు ఒక చేప గాల్లో 45 సెకన్లు ఉండటం చిత్రీకరించారు. ఆ సీనుకి డూప్ లేడు... తప్పితే రీటేకూ లేదు!