నాయన వద్దన్న వెదురు

‘వెదురు ముట్టుకోకు, వేలు తెగుద్ది. పొయ్యి పుస్తకం పట్టుకో.’

చిన్నప్పుడు మా ఇంట్లో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. మాది ఇల్లెందు దగ్గర ఓ చిన్న ఊరు. మేం మేదరోళ్ళం. తాత, నాయన, అమ్మ... అందరూ వాకిట్లో కూర్చుని తట్టలు, చాటలు, తడికెలు అల్లినవాళ్ళే. నేను మాత్రం కత్తి పట్టకూడదని నాయన పంతం. ఆ పంతం వల్లే ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్‌ చదివాను. అప్పు చేసి ఎమ్మెస్‌కి వచ్చాను. ఇప్పుడు అమెరికాలో, మిషిగన్‌లో సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్ని.

అలాంటి నేను ఏడాదిగా అద్దె ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని రాత్రిళ్ళు వెదురు చీలుస్తున్నా. తట్ట కోసం కాదు, గాలం కర్ర కోసం!

ఆఫీసులో నాతో పనిచేసే ఓ పెద్దాయన గ్రేలింగ్‌ ఊరి దగ్గరున్న ఆసేబుల్‌ నదికి తీసుకెళ్ళడంతో ఇదంతా మొదలైంది. అక్కడ ఫ్లై ఫిషింగ్‌ చేస్తారు. మన గాలానికి వానపామును గుచ్చుతాం కదా, వీళ్ళు ఈకలూ దారాలతో పురుగులాంటి బొమ్మ కట్టి నీళ్ళమీదకి విసురుతారు. ఆ బొమ్మకి బరువుండదు. బరువంతా లైన్‌కే. కర్ర వంగి, మళ్ళీ లేస్తూ ఆ లైన్‌ని ముందుకి తోస్తుంది. ఆయన తన పాత రాడ్‌ నా చేతికిచ్చాడు. వార్నిష్‌ కింద కణుపు కనిపించింది. వెదురు! పదివేల కిలోమీటర్లు దాటి వచ్చినా నన్ను వదల్లేదనిపించింది.

ఆ రాడ్‌లకి వాడేది చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌ ప్రాంతంలో పెరిగే టాంకిన్‌ వెదురు. గోడ మందం, నార గట్టి. 1950లో అమెరికా చైనా సరుకుని నిషేధించాక, 1971లో నిషేధం ఎత్తేసేవరకూ ఇక్కడి రాడ్‌ తయారీదారులు దాచుకున్న బొంగులతోనే నెట్టుకొచ్చారట. ఎవరెట్‌ గారిసన్‌ అనే ఆయన ఈ పనికి ఎంత పేరు తెచ్చాడంటే, ఆయన పోయాక 1977లో వచ్చిన పుస్తకం ఇప్పటికీ మాలాంటి వాళ్ళకి పెద్దబాలశిక్ష. ఆయనా ఇంజినీరే. ఆ ధైర్యంతోనే నేనూ దిగాను.

పన్నెండడుగుల బొంగుని చీల్చి బద్దలు తీయాలి. కణుపుల్ని వేడిచేసి, నొక్కి, తిన్నగా చేయాలి. ఒక్కో బద్దనీ త్రికోణంలా చిత్రిక పట్టి, ఓవెన్‌లో వేడిచేసి తేమ తీయాలి. ఆ తర్వాత ఉక్కు అచ్చులో పెట్టి, మొదలు నుంచి కొస దాకా సన్నబడేలా మళ్ళీ చిత్రిక. ఇక్కడ కొలత అంగుళంలో వెయ్యో వంతు. మన వెంట్రుకే సుమారు మూడు వంతులుంటుంది. అలాంటి ఆరు బద్దల్ని కలిపి అంటిస్తే ఆరు పలకల కర్ర అవుతుంది. రెండు ముక్కల రాడ్‌కి పన్నెండు బద్దలు కావాలి.

మొదటి రాడ్‌కి నాలుగు నెలలు పట్టింది. అద్దంలా మెరవాలని పైభాగాన్ని ఉప్పుకాగితంతో తెగ తోమాను. వద్దని పుస్తకంలో ఉంది. వింటేగా! నాలుగోసారి విసరగానే కొస ఫట్‌మని విరిగింది.

ఇదంతా నాయనకి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. ఓ ఆదివారం వీడియో కాల్‌లో ఆయనే పట్టేశాడు.

“వేలికేందిరా ఆ కట్టు?”

కూరగాయలు కోస్తుంటే తెగిందన్నాను. “కూరగాయలకి అట్ల తెగదు. అది బద్ద కోత” అన్నాడు. నలభై ఏళ్ళు ఆ కోతలు తిన్న మనిషి దగ్గర అబద్ధం ఏం నిలుస్తుంది? ఉన్నది చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. “ఈ పని నీదాకా రావొద్దనే కదరా నేను కత్తి దాచింది” అన్నాడు చివరికి. నాకు నోట మాట రాలేదు. కాసేపాగి ఆయనే, “ఏదీ, విరిగింది చూపియ్యి” అన్నాడు.

ఫోన్‌ దగ్గరగా పెట్టాను. “పై పొర గీకేశావు. బలమంతా ఆడనే ఉంటది. లోపల ఉన్నదంతా మెత్తన. తీస్తే లోపల తియ్యాలిగానీ పైన కాదు.”

గారిసన్‌ పుస్తకం చెప్పిందీ అదే. ఆ పుస్తకం పేరు కూడా మా నాయనకి తెలీదు.

ఆ రోజు నుంచి ఆదివారాలు మారిపోయాయి. చీలిక ఒక పక్కకి జారుతుంటే లావుగా ఉన్న వైపుని వంచాలని ఆయనే నేర్పాడు. ఫోన్‌ని డబ్బాకి ఆనించి నేను చీలుస్తుంటే, అక్కడ మంచంమీద కూర్చుని “ఆగు... ఇప్పుడు వంచు” అనేవాడు. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారంటే మాత్రం పడీపడీ నవ్వాడు. ఇలా చేత్తో చేసిన రాడ్‌ వెయ్యి డాలర్ల పైనే పలుకుతుందంటే నవ్వు ఆపేశాడు. “చాట నలభై అంటే ముప్పైకిమ్మని బేరమాడేటోళ్ళు” అన్నాడు. అంతే.

నేను బద్ద పాడుచేస్తే చెత్తబుట్టలో పడేసి ఇంకోటి తీసుకుంటాను. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఆయన బొంగు పాడైతే మాకు ఆ పూట కూర ఉండేది కాదు. నాది సరదా, ఆయనది బతుకు. రెండూ ఒకటేనని చెప్పుకుంటే అది ఆయన్ని మోసం చేయడమే. ఆయన నన్ను ఆపడం తప్పు కాదు. నేను సిగ్గుపడటమే తప్పు.

అవును, సిగ్గుపడ్డాను. ఇంజినీరింగ్‌ హాస్టల్లో ‘మీ నాన్నేం చేస్తారు’ అంటే ‘బిజినెస్‌’ అనేవాణ్ణి. మొన్న సంక్రాంతికి తెలుగు స్నేహితులు ఇంటికొచ్చారు. బేస్‌మెంట్‌లో అప్పుడే అతికించిన రెండో రాడ్‌ చూసి, “ఎక్కడ నేర్చుకున్నావ్‌ బాస్‌?” అని అడిగారు. “యూట్యూబ్‌లో” అన్నాను. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆ రాత్రి నిద్రపట్టలేదు. పదేళ్ళయినా నేను ఆ హాస్టల్‌ గదిలోనే ఉన్నాను.

రాడ్‌ తయారుచేసినవాళ్ళు పిడికి కాస్త పైన, కర్రమీద సిరాతో పొడవు, లైన్‌ నంబరు, తమ పేరు రాసుకుంటారు. రెండో రాడ్‌మీద నేనూ రాశాను. ఏడున్నర అడుగులు, అయిదో నంబరు. దాని పక్కన తెలుగులో నాయన పేరు, నా పేరు, ‘మేదరి’. పైన వార్నిష్‌ వేశాను. ఆరాక ఇక చెరపడం కుదరదు. ఇదేం లిపి, ఏంటర్థం అని ఎవరడిగినా చెప్పాల్సిందే.

ఫొటో పంపితే నాయన చాలాసేపు చూసినట్టున్నాడు. పావుగంట తర్వాత ఫోన్‌ చేశాడు.

“అక్షరాలు వంకర పోయినయిరా” అన్నాడు. తర్వాత, “ఇంతకీ దీనికి చేప పడ్డదా?”

“ఇంకా లేదు నాయనా.”