రోజుకు మూడే

ఫోను చేసిన వాళ్ళు ముందడిగేది ఒకటే మాట. "ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూపిస్తావన్నా?" మూడని చెప్తాను. అవతల కాసేపు చప్పుడుండదు. "వేరే వాళ్ళు తొమ్మిదంటున్నారే" అంటారు. నిజమే, చూపిస్తారు. నేనూ పదేళ్ళు అట్లాగే చూపించాను.

అప్పట్లో నెల్లూరులో ఒక ట్రావెల్స్‌లో జీతానికి బండి తోలేవాణ్ణి. పొద్దున ఆరుకు బయల్దేరితే జొన్నవాడ, రంగనాయకుల గుడి, కసుమూరు, మైపాడు బీచి, ఇంకా చీటీలో ఏముంటే అవన్నీ రాత్రికల్లా అయిపోవాలి. చోటుకు ఇరవై నిమిషాలు. ఒకసారి డెబ్బై దాటిన పెద్దామె మోకాళ్ళు పట్టుకుని గుడి మెట్లెక్కుతుంటే, ఆలస్యమవుతోందని నేను కింద నుంచి హారన్ కొట్టాను. రాత్రి ఇంటికాడ దించేటప్పుడు ఆమె, "నాయనా, ఏ దేవుణ్ణి యాడ చూశామో అంతా కలిసిపోయింది" అంది. కోపంగా కాదు, దిగులుగా. ఆ హారన్ కొట్టినందుకు ఇప్పటికీ బాధపడతాను.

తర్వాత సొంత బండి కొనుక్కున్నాను. 2019లో ఈజిప్టు చూసొచ్చిన ఒక రిటైర్డ్ హిస్టరీ మాస్టారు, వాళ్ళావిడ నా బండెక్కారు. దారి పొడుగునా నైలు నది ముచ్చట్లే. లక్సర్‌లో తూర్పు గట్టున గుళ్ళు, పొద్దుగూకే పడమటి గట్టున సమాధులు. రాజుల లోయలో అరవైకి పైగా సమాధులున్నా మామూలు టికెట్టుకు మూడిట్లోకే పంపిస్తారట. "మొదట బాధేసింది నాయనా. కానీ ఆ మూడిట్లో గోడల మీది రంగులు కళ్ళు మూసుకున్నా కనిపిస్తున్నాయి" అన్నారాయన. ఆ రోజు నుంచి నా లెక్కా మూడే.

నెమ్మదిగా తిప్పడమంటే బండి నెమ్మదిగా తోలడం కాదు. ముందు ఎండ లెక్క చూసుకోవాలి. పదకొండు దాటితే గుడి బండల మీద అడుగు పెట్టలేం, అందుకని పొద్దున్నే రంగనాయకుల స్వామి. డెబ్బై అడుగుల గాలిగోపురాన్ని దగ్గర నిలబడి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. దూరంగా స్టూలు వేసి కూర్చోబెడతాను. డిక్కీలో రెండు స్టూళ్ళు, ఒక చాప, క్యాన్‌లో మజ్జిగ ఎప్పుడూ ఉంటాయి. దర్శనమయ్యాక పెన్న గట్టున అరగంట. మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన ఈ గట్టునే కూర్చుని భారతం రాశాడని నెల్లూరోళ్ళం చెప్పుకుంటాం. ఆ మాట చెప్పి ఊరుకుంటాను. నీళ్ళ వైపు చూస్తూ వాళ్ళే కాసేపు మాటలు మానేస్తారు.

ఆ తర్వాత చెరువు గట్టున బారాషహీద్ దర్గా. పోరులో పన్నెండు మంది వీరుల తలలు గండవరంలో తెగిపడితే, మొండేలను గుర్రాలు ఇక్కడిదాకా మోసుకొచ్చాయని కథ. పన్నెండు సమాధులూ వరసగా ఉంటాయి. మొహర్రం నెలలో రొట్టెల పండగప్పుడు వచ్చేవాళ్ళకు జనం తప్ప ఇవేవీ కనపడవు. నా మాట వింటే మామూలు రోజు రమ్మంటాను. కానీ పండగకు వస్తామన్న వాళ్ళను వద్దనను. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలోంచి చదువు రొట్టో, పెళ్ళి రొట్టో, సంతానం రొట్టో అందుకోవడం చూడాల్సిందే. కోరిక తీరితే మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరి చేతిలో పెట్టాలి.

పళవేర్కాడుకు పోయే రోజు మాత్రం మూడు కూడా కాదు, అదొక్కటే. సూళ్ళూరుపేట, తడ దాటి తమిళనాడులోకి దిగి, పులికాట్ సరస్సు దక్షిణపు కొసకు చేరాలి. 1609లో డచ్చి వాళ్ళు అక్కడ దిగారు, 1613లో కోట కట్టారు. మన వైపు నేసిన గుడ్డల కోసమే అంత దూరం నుంచి వచ్చారు. కోట పోయింది, శ్మశానం నిలిచింది. వాకిలికి చెరో పక్క రాతిలో చెక్కిన అస్థిపంజరం నిలబడి ఉంటుంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టొచ్చు. లోపల సమాధుల మీది పలకలు బల్లంత పెద్దవి. మాస్టారు వాళ్ళను తీసుకుపోయినప్పుడు ఆయన ఒక పలక దగ్గర చతికిలబడి, కళ్ళు మూసుకుని, అక్షరాల గాడిలో చూపుడువేలు నడిపించారు. మూడు వందల ఏళ్ళు దాటినా అంచు ఇంకా వేలికి తగులుతోంది. ఆయన భార్య పలక మీద రాలిన ఆకుల్ని చీర చెంగుతో నెమ్మదిగా పక్కకు తోసింది. గంటన్నరకు పైగా ఉన్నాం. నేను వాచీ చూడలేదు.

2020 జూన్‌లో చేజర్ల మండలం పెరుమాళ్ళపాడులో, పెన్న ఇసుకలో పూడిపోయిన నాగేశ్వరస్వామి గుడిని ఊరి కుర్రాళ్ళు తవ్వి బయటికి తీశారు. అక్కడ గుడి ఉందని పెద్దలు చెబుతుంటే వింటూ పెరిగిన పిల్లలే వాళ్ళు. పేపర్లో ఫొటో చూసి మాస్టారు ఫోను చేశారు. కరోనా భయం కాస్త తగ్గాక తీసుకుపోయాను. ఆ రోజూ ఒక్కటే చోటు.

ఇసుకలో నడవడం ఆయనకు కష్టమైంది. నా భుజం పట్టుకుని నడిచారు. గుడి పైభాగం కనపడగానే ఆగిపోయారు. అబూ సింబెల్‌లో రామెసీసు రాజు విగ్రహాలు కూడా ఇట్లాగే ఇసుకలో మునిగి ఉండేవట. 1813లో ఒక స్విస్ యాత్రికుడి కంటబడ్డాయి. 1817లో బెల్జోనీ ఇసుక తోడించి లోపలికి దారి చేశాడు. అక్కడికి విమానమెక్కి పోయి నిలబడి వచ్చిన మనిషి, తన జిల్లాలో, తాను బళ్ళో పాఠం చెప్పిన రోజుల్లోనూ ఇసుక కిందే ఉన్న గుడి ముందు నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళు చెప్పాను నాయనా చరిత్ర. ఇది చెప్పలేదు" అన్నారు.

చాప పరిచాను. ఆమె మజ్జిగ పోసింది. ఒక కుర్రాడు వచ్చి, తాను ఎక్కడ మొదటి పార వేశాడో చూపించడం మొదలుపెట్టాడు. మాస్టారు చాప మీద కాస్త పక్కకు జరిగి వాణ్ణి కూర్చోమన్నారు.