ఒక్క బక్కెట్‌తో కారు

చార్మినార్ దాటి షాలిబండ దారి పట్టి, ఎడమ పక్క గల్లీల్లోకి మళ్లితే మొఘల్‌పురా. ఈ మధ్య ఇటు వచ్చేవాళ్లకు ముందుగా ఎదురయ్యేది దుమ్ము. పాతబస్తీ మెట్రో కోసం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, షాలిబండ మీదుగా రోడ్డు వెడల్పు పని పెట్టుకున్నారు. 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాక పాత గచ్చు గోడలూ ఇటుకలూ కాంక్రీటూ పొడై గాల్లోకి లేస్తున్నాయి. రాత్రి గల్లీలో పెట్టిన కారు, తెల్లదైనా నల్లదైనా, పొద్దునకల్లా ఒకే బూడిదరంగులో కనిపిస్తుంది.

ఆ దుమ్మును ఒక్క బక్కెట్ నీళ్లతో దించే చోటును వెతుక్కుంటూ వెళ్లాను. బోర్డు లేదు. ఒక షట్టర్, దాని ముందు రెండు కార్లు పట్టేంత జాగా, గోడకు కట్టిన తాడు మీద ఆరేసిన చిన్న చిన్న బట్టలు. అందరూ చాచా అని పిలిచే ఒక పెద్దాయన, ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు. క్యాబ్ డ్రైవర్లూ పెళ్లిళ్లకు కార్లు తిప్పేవాళ్లూ వీళ్ల గిరాకీ. ఒక కారు అప్పటికే అయిపోయి మెరుస్తోంది, రెండోది సగంలో ఉంది. కింద నేల మాత్రం పొడిగా ఉంది. కార్లు కడిగే చోట పొడి నేలను అంతకుముందు నేనెక్కడా చూడలేదు.

ఒకప్పుడు చాచా కూడా ప్రెషర్ పంపుతోనే కడిగేవారట. ఎందుకు మానేశారని అడిగితే ఉర్దూ కలిసిన తెలుగులో చెప్పారు. "నల్లా రోజు విడిచి రోజు వస్తది సార్. రాని రోజు ట్యాంకర్ తెప్పియ్యాలె. అది ఒక బాధ. ఇంకోటి ఉంది. పక్కన మసీదు. నమాజుకు పోయేటోళ్ల బట్టల మీద మురికి నీళ్లు పడితే మళ్ల ఇంటికి పోయి మార్చుకోవాలె. వాళ్లకు ఏమని జవాబు చెప్పాలె?" పారే నది ఒడ్డున కూర్చున్నా వుజూకు, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, నీళ్లు వృథా చేయొద్దని ప్రవక్త బోధించారన్న మాట కూడా ఆయనే గుర్తు చేశారు. కొత్త పద్ధతి చేతికి అలవడటానికి చాలా కాలం పట్టిందనీ, మొదట్లో గిరాకీ తగ్గిందనీ ఆయన దాచుకోలేదు.

ఇక పని. ఎవరైనా ముందు చేసే పనిని, అంటే కారును ముట్టుకోవడాన్ని, వీళ్లు అన్నిటికంటే చివరికి తోస్తారు. మొదట కుర్రాడు చుట్టూ తిరిగి, వంగి, ఏటవాలు వెలుతురులో బాడీని చూశాడు. దుమ్ము ఎంత మందంగా ఉంది, మట్టి గడ్డకట్టిన చోట్లు ఉన్నాయా, పిట్టల రెట్ట ఎక్కడ పడింది అని. తర్వాత గాలి గొట్టంతో వైపర్ల కింద, సైడ్ అద్దాల సందుల్లో, డోర్ హ్యాండిళ్ల వెనక ఉన్న వదులు దుమ్మును ఊదేశాడు. ఇక్కడి దుమ్ములో పాత కాంక్రీటూ సున్నమూ ఇసుకా ఎక్కువ కాబట్టి ఈ ఊదుడు తప్పనిసరి. గాలికి పోయేదంతా పోతే బట్టకు అంటేది అంత తగ్గుతుంది.

బక్కెట్‌లో ఎనిమిది లీటర్ల దాకా నీళ్లు. అందులో రెండు మూతల ద్రావణం, ముప్పై మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూ. ఇది మామూలు కారు షాంపూ కాదు. మళ్లీ నీళ్లు పోసి కడగనక్కర్లేకుండా తయారు చేసిన రిన్స్‌లెస్ వాష్. నురగ దాదాపు రాదు. ఇందులోని పాలిమర్లు దుమ్ము రేణువుల చుట్టూ పొరలా పట్టుకుని, వాటికీ పెయింటుకూ మధ్య జారుడు కలిగిస్తాయి. అదే నీటిని స్ప్రే సీసాలో కూడా పోసుకుని, కుర్రాడు ముందు రూఫ్‌లో సగం మీద చల్లి ఆగాడు. నిమిషం సేపు ఏమీ చేయలేదు. నాకైతే ఈ పని మొత్తంలో ఆ ఆగడమే కీలకంగా తోచింది. ఎండిన దుమ్ము తడిసి పెయింటును వదిలేది ఆ వ్యవధిలోనే.

అప్పుడు బక్కెట్‌లో నానుతున్న మైక్రోఫైబర్ బట్టను తీసి, కారకుండా కొద్దిగా పిండి, రెండుసార్లు మడిచాడు. ముందూ వెనకా కలిపి, మడత విప్పి తిరగేస్తూ పోతే ఎనిమిది శుభ్రమైన ముఖాలు వస్తాయి. దాన్ని రూఫ్ మీద పెట్టి, ఒత్తకుండా, బట్ట బరువుతోనే ఒకే దిశలో లాగాడు. గుండ్రంగా తిప్పడం లేదు, వెనక్కీ ముందుకీ తోయడం లేదు. ఒక లాగుడు, ఒక ముఖం. తర్వాత మడత తిప్పాడు. ముఖాలన్నీ అయిపోయిన బట్టను పక్కనున్న తొట్టిలో పడేశాడు. మళ్లీ బక్కెట్‌లో ముంచలేదు. అందుకే కారు చివరికొచ్చినా బక్కెట్ నీళ్లు తేటగానే ఉన్నాయి. వెనకే రెండో కుర్రాడు పొడి బట్టతో తడి అద్దుకుంటూ వచ్చాడు. రూఫ్, అద్దాలు, బోనెట్, తలుపుల పై సగం, డిక్కీ అయ్యాక గానీ తలుపుల కింది భాగానికీ బంపర్లకూ రాలేదు. చక్రాలకు వేరే రంగు బట్టలు పెట్టుకున్నారు. అవి బాడీకి తగలకూడదు. మధ్యలో ఒక బట్ట చెయ్యి జారి నేల మీద పడితే, ఎవరూ చెప్పకుండానే కుర్రాడు దాన్ని మాసిన బట్టల తొట్టిలోకి వేశాడు.

తక్కువ నీళ్లతో తుడిస్తే గీతలు పడతాయని కారున్న ప్రతివాడూ అంటాడు. ఆ భయం ఉత్తది కాదు. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7. చాకు ఉక్కుకన్నా అది గట్టిది. కారు రంగును కాపాడే పైపొర, క్లియర్‌కోట్, సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంత పలచటి పొర మీద ఇసుకను పెట్టి బట్టతో రుద్దితే ఎండలో సాలెగూడులా కనిపించే గీతలు మిగులుతాయి. కానీ ఆ రుద్దుడు ఎక్కడ జరుగుతోంది? తెల్లవారుజామున మన అపార్టుమెంట్ల సెల్లార్లలో. పొడి గుడ్డ పట్టుకుని, లేదంటే ఒకే బక్కెట్‌లో ముంచిన ఒకే గుడ్డతో, పది పన్నెండు కార్లు వరసగా తుడిచేస్తారు. నెల జీతానికి అన్ని కార్లు అప్పజెప్పి, అరగంటలో అన్నీ మెరవాలని అడిగేది మనం. ఆ పనివాడిని తప్పుపట్టడం న్యాయం కాదు.

పంపుతో కడిగితే క్షేమమన్నదీ సగమే నిజం. మడ్‌గార్డు కింద తిప్పిన స్పాంజినే బోనెట్ మీద రుద్దితే ఎన్ని నీళ్లు పోసినా గీత పడుతుంది. బట్టలు ఉతికే పౌడరు వేస్తే పాలిష్ పొర పోతుంది. బోరు నీళ్లు ఎండలో ఆరితే ఉప్పు మచ్చలు కడతాయి. "కంట్ల నలుసు పడితే రుద్దుతమా సార్? నీళ్లు కొట్టి తీస్తం. ఇది గూడ అంతే. రుద్దుడు కాదు, లేపుడు," అన్నారు చాచా.

నీళ్ల లెక్క నిమ్మళంగా వేసి చూశాను. నిమిషానికి పన్నెండు లీటర్లు పోసే పైపును పది పదిహేను నిమిషాలు వదిలితే 120 నుంచి 180 లీటర్లు. ఇక్కడ బక్కెట్‌లో ఎనిమిది, స్ప్రేలో అర లీటరు. అయితే మాసిన బట్టలు ఉతకాలి కదా, ఆ నీళ్లూ కలపాలి. రోజు పని అయ్యాక అన్ని బట్టలూ కలిపి ఒకేసారి ఉతుకుతారు. కారుకు మరో పదిహేను లీటర్లు వేసుకున్నా మొత్తం పాతిక దాటదు. బట్టల్ని మెత్తబరిచే ద్రావణంలో ముంచకూడదు, నూలు బట్టలతో కలపకూడదు. ముంచితే పీల్చుకునే గుణం పోతుంది, కలిపితే దూది పోగులు అంటుకుంటాయి.

ఈ పాతిక లీటర్ల విలువ పాతబస్తీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, 21 అర్ధచంద్రాకారపు కమానులను ఒకదాని పక్కన ఒకటి నిలిపి కట్టిన మీర్ ఆలం చెరువు ఈ ఇళ్లకు నీళ్లిచ్చింది. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇవాళ నగరానికి కృష్ణ నాగార్జునసాగర్ నుంచి, గోదావరి ఎల్లంపల్లి నుంచి వస్తున్నాయి. వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో, ఎత్తుకు తోడుకుంటూ తెస్తున్న నీళ్లవి. వాటిని టైర్ల మీద పోయడం నాకు మింగుడు పడదు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి ఐదు వేల జరిమానా పెట్టారు. కేప్‌టౌన్‌లో 2018లో మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. మన పైపు స్నానం చేసే ఒక్క కారు అక్కడ ముగ్గురి రోజును తాగేసేది. మన జలమండలి కూడా తాగునీటితో వాహనాలు కడిగినవారికి జరిమానాలు వేసింది. జరిమానాతో పాటు దారి కూడా చూపాలి. రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం ఇక్కడికి దగ్గర్లోనే, అంబర్‌పేటలో ఉంది. నీళ్లు తప్పని పెద్ద వాషింగ్ సెంటర్లకు ఆ నీటిని ట్యాంకర్లలో చేరవేయాలని నా కోరిక.

నీళ్లు తప్పని సందర్భాలున్నాయి మరి. నేనుండగానే ఊరి నుంచి వచ్చిన జీపు ఒకటి ఆగింది. తలుపుల కింది సగమంతా ఎండిన బురద. చాచా ముట్టుకోలేదు. "దీన్ని పంపు కింద పెట్టి మట్టి దింపుకొని రా బేటా. మీద పాలిష్ నేను చేస్త," అని పంపించేశారు. అంత మందాన ఉన్న బురదను ఏ ద్రావణమూ జార్చలేదు. తడి సిమెంటు చిందినా అంతే, గట్టిపడకముందే ధారాళంగా నీళ్లు పోయాలి. పిట్టల రెట్ట మీద మాత్రం తడి బట్ట పరిచి నానబెడతారు, గోకరు. ఎండలో నిలబడి వేడెక్కిన బోనెట్‌ను నీడలో చల్లారనిచ్చాకే మొదలుపెడతారు. లేకపోతే తుడిచేలోపే ద్రావణం ఆరి మరకలవుతుంది.

వీళ్లను ఇబ్బంది పెట్టేది ధర. నీళ్లు ఎగజిమ్మి నురగ కారితే పని జరిగినట్టు నమ్మే గిరాకీ, ఇక్కడ బక్కెట్ చూసి "గింతేనా" అని బేరమాడతాడు. నిజానికి పంపు పనికన్నా దీనికి చెయ్యి ఎక్కువ ఆడాలి, కన్ను ఎక్కువ పెట్టాలి. ఖరీదు పెట్టి కొన్న ద్రావణం, తరచూ మార్చాల్సిన బట్టలు అదనం. ఈ పనికి పంపు వాష్ కన్నా ఎక్కువే ఇవ్వాలని నేను గట్టిగా అంటాను.

ఆ మాటల మధ్యలోనే ఒక క్యాబ్ కుర్రాడు, "చాచా, ఇది నేను ఇంట్ల చేసుకోవచ్చా?" అని అడిగాడు. గిరాకీ పోతుందని ఆయన తటపటాయించలేదు. తాడు మీది బట్టల్లోంచి ఒకటి తీసి అతని చేతిలో పెట్టి చెప్పారు. "గిసుంటివి పది కొనుక్కో. చక్రాలవి వేరే పెట్టుకో. ఒక స్ప్రే సీసా, ఒక బక్కెట్. మొదటిసారి గంటన్నర పడ్తది, తొందరపడకు. శుక్రారం పొద్దున్నే బండి తీస్కొని రా, నా ముందట చెయ్యి, చూస్త."