సముద్రం కాడ అద్దిల్లు

మా స్టాఫ్‌రూంలో ఎవరైనా ఇల్లు మారుతున్నారంటే అదొక వారం రోజుల ముచ్చట. నేను విశాఖపట్నం వదిలి భీమిలి పోతున్నానని తెలిసినప్పుడూ అంతే. లెక్కల సారు కాగితం తీసి నిలువుగా గీత గీసేడు. లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క. అద్దె సగానికి సగం తక్కువ, గాలి మంచిది, పొద్దున్నే లేస్తే సముద్రం. ఇవి లాభాలు. రోజూ రానూపోనూ యాభై అరవై కిలోమీటర్లు, ఉప్పుగాలికి ఇనుప సామానంతా తుప్పు, పిల్లకి ట్యూషన్ దొరకదు, అర్ధరాత్రి జబ్బు చేస్తే పెద్దాసుపత్రి దూరం. ఇవి నష్టాలు. అందరూ తలో మాటా వేశారు. ఆ కాగితంలో నా లెక్క ఒక్కటీ లేదు. లేదన్న సంగతి వాళ్ళకి తెలీను కూడా తెలీదు. కులం అనే గడి గియ్యకుండానే ఇల్లు మారడం గురించి గంటలకొద్దీ మాట్లాడగల అదృష్టం వాళ్ళది.

మాది చోడవరం అవతల ఒక పల్లె. 2022 దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మా అయ్య మొదట కంబారి, తర్వాత చెరుకు కోత కూలి. మా అమ్మ కలుపులకి పోయేది. మా పేటలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేను. ఊరికీ మా పేటకీ మధ్య గెడ్డ. ఊళ్ళో వాళ్ళు తానాలు చేసి, గొడ్ల కడిగి, గుడ్డలుతుక్కున్నాక ఆ నీళ్ళు మా దగ్గరికొచ్చేవి. గాలి సంగతీ అంతే. వాడ ఎటు పక్కన ఉండాలో గాలి వాటం చూసి పెట్టిన దేశం ఇది. మా మీంచి వీచిన గాలి ఊళ్ళోకి పోకూడదు. అందుకే ‘గాలి మార్పు కోసం వెళ్తున్నావా’ అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది.

సముద్రాన్ని మొదటిసారి చూసింది ఆంధ్రా యూనివర్సిటీలో పీజీకి చేరినప్పుడు. తర్వాత బీఈడీ, 2018 డీఎస్సీలో ఉద్యోగం, పెళ్ళి. ఆయన ల్యాబ్ టెక్నీషియన్. ఇద్దరికీ పట్నంలోనే కొలువు. ఇంక ఇల్లు ఒక లెక్కా అనుకుంటారు. మా అమ్మ కూడా అలాగే అనుకుంది. ‘జీతాలోళ్ళకి ఇల్లెవుడివ్వడే?’ అంది.

మొదటి ఇంటి ముందు ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు మీదే ఉంది. అది నయం. గడప తొక్కే పని తప్పింది. రెండో ఇంట్లో కాఫీ ఇచ్చారు. ఆయన ఇంటిపేరు అడిగారు, నా పుట్టింటి పేరు అడిగారు, ఏ ఊరు అన్నారు, ఊళ్ళో ఎటు పక్క అన్నారు. ఎటు పక్కో చెప్పేను. మర్నాడు పొద్దున్న ఫోను. వాళ్ళబ్బాయి అమెరికా నించి వచ్చేస్తున్నాడట. ఆ ఇంటికి టులెట్ బోర్డు ఇంకో నాలుగు నెలలు వేలాడింది. నేను బడికి పోయే దారే అది. మూడో ఇంటివాళ్ళు అడ్వాన్సు తీసుకుని పదో రోజున తిరిగిచ్చేశారు. ఆ కవరు మీద మా ఆయన పేరు ఎంత చక్కటి దస్తూరీతో రాశారో! చివరికి దొరికింది మూడో అంతస్తులో ఒకటిన్నర గది. ఇంటాయన వేరే ఊళ్ళో ఉంటాడు గనక ఏదీ అడగలేదు. కానీ ఎదురు వాటా వాళ్ళు అడిగేరు. అడిగిన మర్నాటినించీ వాళ్ళ పిల్ల మా పిల్లతో ఆడ్డం మానేసింది.

విదేశాల్లో చదివొచ్చిన అంబేద్కర్‌కే 1917లో బరోడాలో తల దాచుకునే చోటు దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో ఉండాల్సొచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకునొచ్చి వెళ్ళగొట్టారు. ఈ సంగతి నేను ఎనిమిదో తరగతి పిల్లలకి చెబుతుంటాను. ‘అప్పట్లో అలా ఉండేది కదా టీచర్’ అంటారు పిల్లలు. వంద సంవత్సరాల్లో మార్పు లేకపోలేదు. ఇప్పుడు కర్రలుండవు, కవరుంటుంది.

మా బళ్ళో అటెండరుది భీమిలి. ఆయన చెప్పేడు ఈ ఇల్లు. భీమిలి నిన్నమొన్న పుట్టిన కాలనీ కాదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట డచ్చివాళ్ళు వర్తకం చేసిన రేవు. వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు విశాఖ పాకుతూ పాకుతూ దాని దాకా వచ్చేసింది. పొద్దున బస్సెక్కి పట్నం పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే మాలాంటి వాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఇంటామె జాలరి. మొగుడు లేడు. ఎండుచేపలు అమ్ముతుంది, కొడుకు వేటకి పోతాడు. వెనక వాళ్ళు, ముందు రెండు గదులు మాకు. గడపలో నిలబెట్టే అడిగింది.

‘ఏటోళ్ళమ్మా మీరు?’

‘మాలోళ్ళం.’

‘సరే. అద్దె ఒకటో తారీకున పడిపోవాల. ఏట ఆపేసిన రెండు నెల్లకీ ముందే ఇచ్చీయాల.’

ఏటా ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా ఈ తీరమంతా వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం గనక మరపడవలు కదలకూడదు. ఆ అరవైయొక్క రోజులూ ఆ ఇంటికి మా అద్దే ఆధారం. కులం అడగని ఇల్లు దొరికిందని నేను చెప్పడం లేదు. అడిగింది. అడిగి ఇచ్చింది. పట్నంలో ఇంటిపేరు మీంచి, ఊరి మీంచి, ఊళ్ళో దిక్కు మీంచి డొంకతిరుగుడుగా వచ్చే ప్రశ్న ఇక్కడ ఒక్క ముక్కలో వచ్చి ఒక్క ముక్కలో పోయింది. ఆ రాత్రి నేను సుఖంగా నిద్రపోయేను.

అలాగని జాలరోళ్ళ వీధిలో కులం లేదని రాస్తే అబద్ధం. ఇంటామె మాకు పులుసు పంపుతుంది. గిన్నె తిరిగిస్తే బయట పంపు దగ్గర కడిగి గాని లోపలికి తీసుకుపోదు. సంక్రాంతికి మా అమ్మ తెచ్చిన అరిసెలు తీసుకుంది. తిన్నదీ లేందీ నేను చూడలేదు. జాలర్లకీ వాడబలిజలకీ ఉన్న పట్టింపులు వేరే కథ. బీసీలూ ఎస్సీలూ ఒకటేనని సభల్లో చెప్పే మన మిత్రులు ఒక ఏడాదిపాటు ఇలాంటి వీధిలో అద్దెకుండి మాట్లాడితే బాగుంటుంది. కలుస్తామనే నా నమ్మకం కూడా. కానీ ఎంత దూరం నడవాలో తెలియాలి కదా.

నీళ్ళ సంగతి. సముద్రం పక్కన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వీధి పంపు దగ్గర బిందెలు వరసలో పెట్టాలి. మా అయ్య చూడ్డానికొచ్చినప్పుడు బిందె పట్టుకుని వెళ్ళేడు. ఎంతకీ రాడు. వెళ్ళి చూస్తే వరసకి నాలుగు గజాల దూరంలో నిలబడి ఉన్నాడు. అందరూ పట్టుకుపోయేదాకా ఆగుతున్నాడు. అరవై ఏళ్ళు దాటినా ఊరి నూతి కాడ నిలబడిన కాళ్ళు అవి. ఇంటామె మనవడు ‘తాతా, నీ వంతొచ్చింది’ అని బిందె లాక్కుని పంపు కింద పెట్టేడు. మా అయ్య ఆ గుంటడి మొహం చూసి, నా మొహం చూసి, ఏమీ అనలేదు. లెక్కల సారు కాగితంలో దీన్ని ఏ పక్క రాస్తాడో!

ఇంక బస్సు. 900కె బీచ్ రోడ్డు మీదుగా, 999 ఆనందపురం, మధురవాడ మీదుగా. తొమ్మిదికి బడి. 2022 నించి ఫోన్లో మొహం చూపిస్తే గాని హాజరు పడదు. ‘బస్సు రాలేదు’ అంటే ఫోనుకి అర్థం కాదు. నాలుగున్నరకి లేస్తే గాని ఏడున్నర లోపు బస్సెక్కలేను. పోను గంటంబావు, రాను గంటన్నర. రోజుకి మూడు గంటలు నా జీవితంలోంచి ఆ రోడ్డు మింగేస్తోంది. పిల్ల నిద్రపోయే ముందు అరగంట దొరుకుతాను. రాద్దామనుకున్న కథలు బస్సులోనే తల్లో పుట్టి బస్సులోనే చస్తున్నాయి. ఇది చిన్న నష్టం కాదు. సముద్రం పక్కన ఉన్నానే గాని సముద్రాన్ని తీరిగ్గా చూసేది ఆదివారమే. మిగతా ఆరు రోజులూ కిటికీలోంచే. ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, రుషికొండ. తొట్లకొండ రాగానే నాకు తెలీకుండానే తల అటు తిరుగుతుంది. రెండు వేల ఏళ్ళ కింద బౌద్ధ భిక్షువులు ఆ కొండమీద విహారం కట్టుకున్నారు. రాతిలో తొలుచుకున్న నీటి తొట్ల వల్లే ఆ పేరు. సముద్రపు గాలి తగిలే చోటు చూసుకుని వాళ్ళూ ఊరికి దూరంగానే ఉన్నారు. కానీ వాళ్ళని ఎవరూ వెళ్ళగొట్టి అక్కడ పెట్టలేదు.

2025 ఆగస్టు 15 నించి ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేదు. నెలకి మిగిలే డబ్బులు పిల్ల ట్యూషన్‌కి పోతున్నాయి. రద్దీ రెండింతలయ్యింది. ‘ఊరికే వస్తే ఎక్కి తిరుగుతున్నారు’ అని మగవాళ్ళు సణుగుతుంటారు. ఎక్కేది తిరగడానికా? చేపల తట్టలతో ఆటోకి డబ్బులు పోసి పోసి విసిగిన ముసలమ్మలు వాళ్ళు.

ఒక రోజు నా పక్క సీట్లో, మెళ్ళో కంపెనీ కార్డు వేసుకున్న కుర్రాడు కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ‘వీళ్ళని వేరే బస్సులో పంపాలి మేడం, కంపు’ అన్నాడు. నన్ను తనలో కలుపుకుని అన్నాడు. నా ఇస్త్రీ చీరా, చేతిలో జవాబుపత్రాల కట్టా చూసి. ‘మా అయ్య పశువుల శాలలో పడుకునొచ్చేవాడు బాబూ, ఆ కంపు ఇంతకంటే ఎక్కువ’ అన్నాను. అతను మాట్లాడలేదు. తట్ట పట్టుకున్నామె మాత్రం నాకేసి చూసి, ‘మాయమ్మే, నువ్వూ మాలాగే నోరున్నదానివే’ అని నవ్వింది.

ఇంతవరకూ అద్దె సంగతి. అసలు తగువు స్థలం దగ్గరొచ్చింది.

మా ఆయనకి సొంతిల్లు కావాలి. సొంతిల్లుంటే ఎవడూ ఖాళీ చెయ్యమనడు. ఆ మాటలో ఉన్న బాధ నాకు తెలుసు. పద్మనాభం రోడ్డు పక్క నూటయాభై గజాలు, బయటి ధరలో మూడో వంతుకే వస్తుందని ఒక బ్రోకరు వెంటపడ్డాడు. అంత చవకెందుకని అడిగితే ‘డి పట్టా భూమి మేడం, ఎవరో ఎస్సీలదే. వాళ్ళు ఎప్పుడో వదిలేసుకున్నారు’ అన్నాడు. నేనూ ఎస్సీనే అన్నాను. మొహం చిన్నబోతుందనుకున్నాను. వెలిగిపోయింది. ‘అయితే ఇంకా మంచిది మేడం! మీ పేరు మీదయితే పని తేలిక’ అన్నాడు.

ప్రభుత్వం భూమిలేని పేదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్మకూడదు, కొనకూడదు. 1977 చట్టం ఆ మాటే చెబుతుంది. అలా కొన్నవాడికి హక్కు రాదు, ఆ భూమి వెనక్కి తీసి ఇచ్చినవాడికే ఇవ్వాలి. చట్టం ఉన్నంత కాలమూ అమ్మకాలూ ఉన్నాయి. తెల్లకాగితం మీద రాయించుకోవడం, కూతురి పెళ్ళికో జబ్బుకో ఇచ్చిన అప్పుకింద జమ కట్టుకోవడం. పట్నం దగ్గరయ్యే కొద్దీ ప్రభుత్వానికీ ఆ భూమి మీదే కన్ను. 2020 జనవరిలో జీవో 72 ఇచ్చి విశాఖ చుట్టూ పది మండలాల్లో ఆరు వేల ఎకరాల పైచిలుకు సమీకరించాలన్నారు. భీమిలి, ఆనందపురం, పద్మనాభం అన్నీ అందులో ఉన్నాయి. దేనికి? పేదలకి ఇళ్ళ స్థలాలివ్వడానికి. పట్టా ఉన్నవాడికి ఎకరా తీసుకుని 900 గజాలు వెనక్కిస్తామన్నారు. ఎకరమంటే 4,840 గజాలు. పేదలకి పంచడానికి భూమి కావాలంటే పేదల భూమే గుర్తుకొస్తుంది! 2023లో చట్టం మార్చి, ఇచ్చి ఇరవై ఏళ్ళు నిండిన అసైన్డు భూమి అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారేక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలెట్టారు. అమ్ముకునే హక్కు మనకెందుకు ఉండకూడదని అడిగే దళిత మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనకి హక్కొచ్చే రోజుకి కొనేవాడు ఎలా సిద్ధంగా ఉంటాడో, అదే నాకు అనుమానం.

నేను కొననన్నాను. మా ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున మాట్లాడేడు. ‘మనం కొనకపోతే ఆ భూమి తిరిగి ఆ మాలోడికి పోతుందా? ఏ రిసార్టువాడో పట్టుకుపోతాడు. వాడికన్నా మనం నయం కాదా?’ దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఒక్కటే అడిగేను, ఆ పట్టా ఎవరి పేరు మీద ఉందో కనుక్కుని రమ్మని. ఆయన వెళ్ళి కనుక్కునొచ్చేడు. పట్టాదారు చనిపోయేడు. కొడుకు మధురవాడలో అపార్టుమెంటుకి వాచ్‌మన్. లిఫ్టు పక్క గదిలో కాపురం. స్థలం మాట మళ్ళీ మా ఆయన ఎత్తలేదు. సొంతిల్లు మాట మాత్రం ఎత్తుతూనే ఉన్నాడు. ఎత్తాలి కూడా.

మళ్ళీ పట్నం పోదామా అని అప్పుడప్పుడూ అనుకుంటాం. పిల్ల ఆరోతరగతికొస్తోంది, నాకు నడుంనొప్పి పట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఎలా ఊపేసిందో ఇంటామె కథలు కథలుగా చెబుతుంది. వాయుగుండం అనే మాట రేడియోలో వినబడితే చాలు, మా ఆయన కిటికీలు లెక్కపెడతాడు. ఫ్యాను తుప్పు పట్టింది, బీరువా తలుపు పట్టేసింది. పట్నంలో టులెట్ బోర్డులు చూస్తూనే ఉన్నాను. చూసి దాటిపోతున్నాను.

వచ్చే నెల పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోతుంది. ఇంటామె అయిదొందలు పెంచాలంటోంది. నేను మూడొందలంటున్నాను. బేరం నడుస్తోంది.