పత్తికొండ పెరట్లో రేగడి మెత్తబడిన తీరు

పత్తికొండ చుట్టుపక్కల నేల ఊరూరికీ మారుతుంది. మిట్టన ఎర్రనేల, బుడ్డలకు బాగా అనువైనది. పల్లంలో నల్లరేగడి. నిజాం దత్తం చేసిన ఈ మండలాలకు 1800లో కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, భూములను మెట్ట, మాగాణి, తోట అని విడదీసి శిస్తు కట్టించాడు. 1827 జూలై 6న కలరాతో ఆయన కన్నుమూసింది కూడా పత్తికొండలోనే. ఆయన శిస్తు లెక్కల్లో తోట అనిపించుకోవాలంటే నీళ్లుండాలి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాది సగటు వాన 670 మిల్లీమీటర్ల దరిదాపు. ఇక్కడ ఇంటి వెనక రేగడిలో కూరగాయలు పండించడమంటే మాటలు కాదు. అలా పండిస్తున్న ఒక పెద్దమ్మ దొడ్డి చూడడానికి రోహిణి కార్తె చివర్లో, ఒక వాన పడ్డాక వెళ్లాను.

దొడ్డి రెండు సెంట్లకు మించదు. ఇల్లు కట్టినప్పుడు పునాదిలో తవ్విన అడుగు మట్టినంతా అక్కడే పరిచారు. దాని మీద ఇటుకల ట్రాక్టర్లు తిరిగాయి. కొత్త ఇళ్ల పెరళ్లలో ఏమీ మొలవకపోవడానికి సగం కారణం ఇదే: పైనుండాల్సిన మట్టి కిందికి, కిందుండాల్సింది పైకి వస్తుంది.

"వానొస్తే కాలు పెట్టనీదు, ఎండొస్తే గడ్డపార దిగనీదు. ఇసక పొయ్యమనిరి, పోస్తిమి. ఇంకా బిగిసె" అంది పెద్దమ్మ.

బిగుస్తుంది మరి. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా చిన్నది. ఇసుక గింజల సందుల్లో అది దూరి గట్టిగా పట్టేస్తుంది. మట్టిలో సగానికి సగం ఇసుక కలిపితే తప్ప గుణం మారదు, అంత ఇసుక కొనేదెవరు? అయినా ఇసుక పొయ్యమనే సలహా ఊరూరా వినిపిస్తూనే ఉంది. దయచేసి ఆ డబ్బు పెంట ఎరువు మీద పెట్టండి.

ఆమె మొదట నాకు చూపించింది పదును. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, నడుమెత్తు నుంచి నేల మీద వదిలింది. ముద్ద చప్పున అతుక్కుంది. "ఇంగా రెండు దినాలు ఆగల్ల. పగిలి పొడిపొడి అయితేనే పార పట్టుకునేది" అంది. తడి మీద తవ్విన రేగడి పెళ్లలు పెళ్లలుగా లేచి ఎండకు ఇటుకలవుతుంది. నా దృష్టిలో పెరటి రేగడికి జరిగే చెడులో ఎక్కువ భాగం ఈ తొందర వల్లే. ఆమె మడులు మూడడుగుల వెడల్పు, గట్టు కన్నా జానెడు ఎత్తు. రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది కాబట్టి మడిలో కాలు పెట్టే పని లేదు, తొక్కుడుకు మట్టి అణగదు.

మట్టికి మేత మాత్రం ఏటా వేయాల్సిందే. బాగా మాగిన దిబ్బ ఎరువు, గొర్రెల పెంట, బుడ్డల పొట్టు. పొట్టును పచ్చిగా కలిపితే, అది కుళ్లేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజనిని సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి. అందుకే ఆమె దాన్ని పేడనీళ్లతో తడిపి ఏడాది మాగబెడుతుంది. ఖాళీ మడిలో జనుము చల్లి, పూత మొదలవగానే కోసి మట్టిలో కలిపేస్తుంది. చుట్టూ గట్టు మీద కంది. దాని తల్లివేరు మనం తవ్వలేని లోతుకు దిగి, ఎండాక నీటికీ గాలికీ దారి విడిచిపెడుతుంది. మన ఎండలకు మట్టిలోని సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది. అందుకే ఒక్కసారి బండెడు ఎరువు తోలి ఊరుకుంటే చాలదు. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో ప్రధాన పంటకు ముందు నవధాన్యాలు చల్లించడం కూడా నేలను ఖాళీగా ఎండనివ్వకూడదనే.

ఇక జిప్సం సంగతి. ఎరువుల దుకాణంలో అడిగితే ఇస్తారు. అది అన్ని రేగళ్లకూ మందు కాదు. గ్లాసులో వాననీళ్లు పోసి, ఎండిన చిన్న మట్టిగడ్డ ఒకటి మెల్లగా వదిలాం. గడ్డ విచ్చుకుని అడుగున కుప్పగా కూలింది. గంటసేపు చూసినా పైన నీళ్లు తేటగానే ఉన్నాయి. గడ్డ చుట్టూ పాల లాంటి మబ్బు కమ్మితే సోడియం ఎక్కువై చౌడుబారిందని గుర్తు. సోడియాన్ని తోసేసి ఆ చోట కాల్షియాన్ని నిలిపేది జిప్సం. తేటగా ఉన్న నేలకు దానితో పెద్దగా పని లేదు. పొయ్యి బూడిద కూడా ఇక్కడ వద్దు. రేగడికి ముందే క్షారగుణం ఎక్కువ, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది.

గట్టు పక్కన తొక్కిన నేల నెర్రెలిచ్చి వేళ్లు దూరేంత సందులు తేలింది. మడిలో జొన్న చొప్ప పక్కకు జరిపితే కింద మట్టి చల్లగా, గుల్లగా ఉంది. పిడికిట్లోకి తీసుకుంటే శెనగగింజలంత పలుకులుగా విడిపోయింది. నడుమ ఒక వానపాము. రెండింటి మధ్య దూరం రెండడుగులే, మట్టి కూడా ఒకటే. వంగ, మటిక, పుంటికూర పచ్చగా నిలబడ్డాయి. గిన్నెలు కడిగిన నీళ్లతోనే వేసవి గట్టెక్కిందంటే, నీటిని పట్టి ఉంచే రేగడి గుణమే కారణం. ఇసుక నేలలో అది కుదరదు.

మీ పెరట్లోనూ రేగడే ఉంటే ఈ మృగశిర వానలకు ముందే గ్లాసు పరీక్ష చేసి చూడండి. నీళ్లు మబ్బు కమ్మితే వ్యవసాయశాఖ వారితో మట్టి పరీక్ష చేయించి, వాళ్లు చెప్పిన మోతాదులోనే జిప్సం వేయండి. తేటగా ఉంటే మాగిన పెంట, పిడికెడు జనుము గింజలు చాలు.